చదివిన దేశము, పని చేసిన దేశము: డబ్లిన్ నుండి ఖరగ్‌పూరు దాక వి. వి. గిరి

విద్యార్థిగా ఒక దేశమునకు వెళ్ళుట వేరు. ఆ దేశమున నిలిచి, పని చేసి, అక్కడివారి కష్టసుఖములలో పాలు పంచుకొనుట వేరు. విద్యార్థి ఎంతకాలమున్నను అతిథియే. తిరుగు ప్రయాణపు తేది అతని మనస్సులో ముందుగానే వ్రాసి ఉండును. అతడు చూచినది చాలవరకు తరగతిగది, గ్రంథాలయము, అద్దెగది, నలుగురు స్నేహితులు. పని చేయువాడు చూచునది వేరు: కూలి ఎంత, బియ్యము ధర ఎంత, పై అధికారి ఎట్టివాడు, పని పోయినచో ఇల్లు గడచుట ఎట్లు? కనుక చదువుకొన్న దేశమునకు పనివాడుగా మరలి వెళ్ళినవాడు నిజమునకు రెండవ దేశమునకు వెళ్ళుచున్నాడన్నమాట. పటముమీద పేరు ఒక్కటే. దేశము ఒక్కటి కాదు.

మన తెలుగువారి చరిత్రలో ఈ విషయమునకు తార్కాణములు పలు విధములుగా ఉన్నవి. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టనునకు చదువుకై వెళ్ళి, 1948లో కన్నుమూయునంతవరకు అమెరికాలోనే ఉండిపోయినారు. ఆయనకు చదివిన దేశమే పని చేసిన దేశమైనది. మరలి వచ్చుట అన్నది జరుగనేలేదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో శిక్షణకై చేరినారు. 1946లో కేంబ్రిడ్జికి వెళ్ళి, 1948లో మరల కలకత్తాకే వచ్చి, సుమారు మూడు దశాబ్దములు ఆ సంస్థను తన ఇల్లు చేసికొన్నారు. దేశమను మాటను మన పెద్దలు వాడిన అర్థమున వాడినచో, విద్యార్థిగా చూచిన వంగదేశమునకు ఆయన పనివాడుగా మరలినవారు.

ఈ ఇరువురి మార్గములకును భిన్నమైన మూడవ మార్గమొకటి కలదు. చదివిన దేశము తనను వెళ్ళగొట్టినది. అక్కడ నిలిచి పని చేయు అవకాశము లేకపోయినది. అయినను అక్కడ చదివిన పాఠము ఇంకొకచోట, ఇంకొక పేరుతో ఎదురైనది. వరాహగిరి వేంకటగిరిగారి చరిత్ర అట్టిది. ఆయన విద్యార్థిగా చూచినది ఐర్లండులోని డబ్లిన్. ఆ డబ్లిన్‌లోని జీవితము ఆయనకు పనిగా మారినది వంగదేశమున, మేదినీపురపు ఎఱ్ఱమట్టి నేలలో వెలసిన ఖరగ్‌పూరులో. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఆ రెండు పట్టణముల నడుమ గల సంబంధమును గూర్చియే.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన గంజాం జిల్లా బరంపురమున జన్మించినారు. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపొందిన న్యాయవాది. ఆనాడు బరంపురము మద్రాసు రాజధానిలోనిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆ ఊరు అందులోనికి పోయినది. అనగా గిరిగారు తమ ఊరు విడువకయే ఒకనాటి ఉదయము వేరొక రాష్ట్రపు పౌరులైనారు. సరిహద్దు ప్రాంతములవారికి ఇది కొత్త అనుభవము కాదు. ఇంటిలో ఒక భాష, అంగడిలో ఒకటి, కచేరీలో మరొకటి. ఇట్టి ఊరిలో పెరిగినవారికి పరాయి నేలమీద నిలదొక్కుకొనుట కొంత తేలికగా అలవడును.

1913లో గిరిగారు న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిన్ వెళ్ళినారు. అక్కడి విశ్వవిద్యాలయ కళాశాలలోను, కింగ్స్ ఇన్స్ అను న్యాయవాద విద్యాసంస్థలోను చేరినారు. ఆనాడు భారతీయ విద్యార్థులు ఎక్కువగా వెళ్ళునది లండనునకు. డబ్లిన్‌లో చేరిన తొలితరమువారిలో గిరిగారు ఒకరు. లండను ఏలుచున్న దేశమునకు రాజధాని. డబ్లిన్ ఏలబడుచున్న దేశమునకు ముఖ్యపట్టణము. లండనులో భారతీయ విద్యార్థి ప్రభువుల ఇంటిలో చదువుకొనువాడు. డబ్లిన్‌లో తనవంటి దాసుని ఇంటిలో చదువుకొనువాడు. ఈ భేదము చిన్నది కాదు.

సాహిత్యాభిమానులకు డబ్లిన్ అప్పటికే పరిచితమైన పేరు. 1912లో ఆంగ్ల గీతాంజలికి పీఠిక వ్రాసిన యేట్సు అక్కడివాడు. 1913 మేలో రవీంద్రుని నాటకము ‘డాకఘర్’ ఆంగ్లరూపమున అక్కడి అబ్బీ రంగశాలలో ప్రదర్శింపబడినది. గిరిగారు చదివిన కళాశాలలోనే టామస్ మెక్‌డోనా అను కవి ఆంగ్లసాహిత్యము బోధించుచుండెను. అధ్యాపకుడు, కవి, విప్లవకారుడు, ముగ్గురును ఆయనలోనే ఉండిరి. తెలుగువాడైన ఒక పందొమ్మిదేండ్ల యువకునికి ఇది కొత్త ప్రపంచము. కవిత్వము దేశమునకు ఏమి చేయగలదను ప్రశ్నకు సమాధానము పుస్తకమున గాక మనిషిలో కనిపించిన చోటు అది.

అయితే 1913వ సంవత్సరమున డబ్లిన్‌ను కుదిపివేసినది కవిత్వము కాదు, కార్మిక సమరము. జేమ్స్ లార్కిన్ 1909లో స్థాపించిన రవాణా, సామాన్య కార్మికుల సంఘము ఓడరేవు కూలీలను, బండ్లవాండ్రను, ఏ నైపుణ్యము లేనివారని లోకము తీసివేసిన జనమును ఒక్కచోట చేర్చినది. ట్రాము కంపెనీకి, పత్రికలకు అధిపతియైన విలియం మార్టిన్ మర్ఫీ ఆ సంఘమును సహింపలేకపోయినాడు. ఆగస్టు చివరను పోరు ఆరంభమైనది. మర్ఫీ నాయకత్వమున యజమానులు ఏకమై, ఆ సంఘమున చేరమని వ్రాసి యిచ్చినవారికే పని అని శాసించినారు. వ్రాసి యియ్యనివారిని గేటు వెలుపల నిలిపినారు. సుమారు ఇరువది వేలమంది కార్మికులు నెలల తరబడి పనిలేక పస్తులున్నారు. ఆగస్టు 31వ తేదీ ఆదివారమున పోలీసులు జనముపై లాఠీలతో విరుచుకుపడినారు. ఇంగ్లండునుండి అక్కడి సంఘములవారు ఓడలతో ఆహారము పంపినారు; కాని సానుభూతి సమ్మెకు మాత్రము ఒప్పుకొనలేదు. 1914 మొదటి నెలలు వచ్చుసరికి కార్మికులు ఆకలికి ఓడి పనిలోనికి మరలినారు. చరిత్రలో దీనికి డబ్లిన్ లాకౌట్ అని పేరు.

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఆ సమరము కూలి డబ్బులను గూర్చినది మాత్రమే కాదు. సంఘము ఉండవచ్చునా, ఉండరాదా అన్నదే దాని మూలప్రశ్న. కూలిని గూర్చిన తగవు బేరముతో తీరును. సంఘపు ఉనికిని గూర్చిన తగవు తీరవలెనన్నచో ఎదుటివానిని సమానునిగా గుర్తింపవలెను. డబ్లిన్ యజమానులు ఆ గుర్తింపు నీయలేదు. లార్కిన్ తరువాత ఆ సంఘపు భారమును మోసిన జేమ్స్ కానలీ, ఐర్లండు స్వాతంత్ర్యమును, కార్మికుని విముక్తిని విడదీసి చూడరాదని చెప్పినవాడు. కానలీ, మెక్‌డోనా, డి వలేరా ప్రభృతుల పరిచయము, ప్రభావము తమమీద గలవని గిరిగారు తరువాతి కాలమున దాచుకొనలేదు.

1914లో గిరిగారు లండనులో గాంధీగారిని కలిసికొన్నారు. ఒకవైపు డబ్లిన్‌లోని ఆవేశము. మరొకవైపు దక్షిణాఫ్రికా సత్యాగ్రహము ముగించుకొని వచ్చిన గాంధీగారి నిగ్రహము. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుచున్న బాధలను గూర్చి గిరిగారును మిత్రులును ప్రకటించిన కరపత్రము ప్రభుత్వపు వేగులవారి చేతికి చిక్కినది. అప్పటినుండి పోలీసుల కన్ను వారిమీద పడినది.

1916 ఏప్రిల్ 24వ తేదీన ఈస్టరు సోమవారమునాడు డబ్లిన్‌లో తిరుగుబాటు చెలరేగినది. వారము తిరుగకముందే ప్రభుత్వము దానిని అణచివేసినది. మే 3వ తేదీన మెక్‌డోనాను కాల్చి చంపినారు. మే 12వ తేదీన, గాయములతో నిలువలేకయున్న కానలీని కుర్చీకి కట్టి కాల్చినారు. ఆ వేసవిలోనే భారతీయ విద్యార్థుల గదులు సోదా చేయబడినవి. గిరిగారు న్యాయవాదిగా పట్టము పుచ్చుకొన్న వెంటనే దేశము విడిచి పోవలసినదని ఉత్తరువు అందినది. ఆ విధముగా ఆయన విద్యార్థి జీవితము ముగిసినది. అక్కడనే ఉండి పని చేయుదునన్నను ఆ ద్వారము మూయబడినది.

బరంపురము చేరి గిరిగారు న్యాయవాద వృత్తి నారంభించినారు. 1920లో సహాయనిరాకరణోద్యమమున వృత్తిని విడిచినారు. 1922లో మద్యపాన నిషేధమునకై అంగళ్ళయెదుట చేసిన ప్రదర్శనకు జైలుకు వెళ్ళినారు. ఇంతవరకు ఆయన కథ ఆనాటి అనేక దేశభక్తుల కథవంటిదే. దానిని వేరు చేసినది రైలుమార్గము.

ఆ మార్గమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ కలకత్తానుండి నాగపూరు దిశగా దారి వేసినది. ఇటు బెజవాడనుండి కటకము దాక తూర్పుతీరపు ప్రభుత్వ రైలుమార్గము 1890ల నడుమ పూర్తియైనది. 1902లో వాల్తేరుకు ఉత్తరముగా ఉన్న భాగము బెంగాల్ నాగపూర్ కంపెనీ చేతికి వచ్చినది. నాగపూరునుండి వచ్చు దారి, వాల్తేరు బరంపురముల మీదుగా వచ్చు దారి, కలకత్తాకు పోవు దారి కలియుచోటు ఖరగ్‌పూరు. అచ్చటనే కంపెనీ తన పెద్ద కర్మాగారమును నెలకొల్పినది. పందొమ్మిదవ శతాబ్దపు చివరిదాక సాలవనముల నడుమ పల్లెగా నుండిన ఆ చోటు, ఒక తరము గడువకముందే ఇంజనుల ఊరైనది.

ఆ ఇంజనులవెంట మనవారు వెళ్ళినారు. విశాఖ, శ్రీకాకుళము, గంజాం ప్రాంతములనుండి ఖలాసీలుగా, ఫిట్టరులుగా, గ్యాంగుమన్‌లుగా, ఫైర్‌మన్‌లుగా తెలుగువారు రైలుకట్ట పట్టుకొని ఉత్తరమునకు నడచినారు. కంపెనీ వేసిన రైల్వే కాలనీలో అంతస్తులు గీత గీసినట్లుండెను: దొరలకు బంగళాలు, ఆంగ్లో-ఇండియనులకు మేలురకపు ఇండ్లు, దేశీయ పనివారికి వరుస గదులు. కంపెనీ నేల వెలుపల అంగళ్ళు, కాపురములు, గుడులు పెరిగినవి. ఖరిదావంటి పేటలు అట్టివి. రైల్వే ఇల్లు ఉద్యోగమున్నంతవరకే. పింఛను పుచ్చుకొన్ననాడు ఖాళీ చేయవలసినదే. అప్పుడు ఊరికి పోవుటయా, ఇక్కడనే ఒక గది కట్టుకొనుటయా అన్న ప్రశ్న ప్రతి ఇంటను పుట్టును. ఖరిదావంటి పేటలలోని తెలుగు ఇల్లు ఆ ప్రశ్నకు ఒక కుటుంబము చెప్పిన సమాధానము. అతిథి స్థానికుడైన క్షణము అది.

గిరిగారి బరంపురము ఈ రైలుమార్గము మీదిదే. ఆయన న్యాయవాది, తెలుగువాడు, ఆంగ్లమున దొరలతో వాదింపగలవాడు, డబ్లిన్‌లో కార్మిక సంఘమన్న మాటకు అర్థము కన్నులార చూచినవాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు ఆయనను తమవానిగా చేసికొనుటలో వింత లేదు. ఆయన అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపకులలో ఒకరై, పదేండ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా పని చేసినారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులైనారు. 1927లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సమావేశమునకు భారత కార్మికుల పక్షమున వెళ్ళినారు.

ఆనాటి చట్టపు స్థితి తెలియనిదే ఈ పని బరువు తెలియదు. బ్రిటనునందు, ఐర్లండునందు 1906 నాటి చట్టము సమ్మె చేసిన సంఘముపై నష్టపరిహారపు దావా వేయకుండ అడ్డుకట్ట వేసినది. భారతదేశమున అట్టి రక్షణ లేదు. 1918లో స్థాపింపబడిన మద్రాసు కార్మిక సంఘముపై బకింగ్‌హాం మిల్లువారు 1920లో హైకోర్టుకెక్కి, దాని నాయకుడు బి. పి. వాడియాను కట్టడి చేయగలిగినారు. సంఘము పెట్టుటే కుట్ర అనిపించుకొను కాలమది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టముతో గాని రిజిష్టరైన సంఘములకు కొంత రక్షణ కలుగలేదు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రము చదివినవాడు ఈ అంతరమును గ్రహింపకుండునా? ఒకే చక్రవర్తి, రెండు న్యాయములు.

చట్టము వచ్చిన మరుసటి ఏడే ఖరగ్‌పూరు రాజుకొన్నది. 1927 ఫిబ్రవరిలో సమ్మె మొదలైనప్పుడు పోలీసులను మాత్రమే గాక సహాయక సైనికదళమును గూడ దింపినారు. ఆ దళమున చేరినవారు చాలవరకు అదే రైల్వేలో పనిచేయు ఐరోపీయులు, ఆంగ్లో-ఇండియనులు. అనగా ఒకే కర్మాగారమున పనిచేయువారిలో ఒకరి చేతిలో సుత్తె, ఇంకొకరి చేతిలో తుపాకి. ఆ సంవత్సరపు ఉత్తరార్ధమున తొలగింపుల సమస్య వచ్చినది. ఖర్చు తగ్గింపు పేరిట కంపెనీ కర్మాగారమునుండి పెద్దయెత్తున పనివారిని తీసివేయ నిశ్చయింపగా, పని నిలిచినది. కంపెనీ తలుపులు మూసినది. 1913లో డబ్లిన్ వీథులలో వినిపించిన ‘లాకౌట్’ అన్న మాట ఇప్పుడు ఖరగ్‌పూరున, తెలుగు నోళ్ళలో వినిపించినది.

1927-28 సంవత్సరముల ఆ పోరాటమున, తొలగింపులకు గురియైనవారి హక్కులకై గిరిగారు నడిపిన సమ్మె అహింసాయుతమైనది. కంపెనీయు, ప్రభుత్వమును కార్మికుల కోరికలకు ఒప్పుకొనక తప్పలేదు. భారత కార్మికోద్యమ చరిత్రలో దీనిని మైలురాయిగా చెప్పుకొందురు.

డబ్లిన్‌తో దీనిని పోల్చి చూచినచో మూడు విషయములు తోచుచున్నవి. ఈ పోలిక నాది; గిరిగారి మాట కాదు.

మొదటిది, సంఘపు వెడల్పు. లార్కిన్, కానలీలు నిపుణుడని, కూలివాడని భేదము లేక అందరిని ఒకే గొడుగు క్రిందికి తెచ్చినారు. రైల్వేలోను గుమాస్తాకు, ఫిట్టరుకు, గ్యాంగుమన్‌కు మధ్య హోదాలు, భాషలు, కులములు అడ్డుగోడలై నిలిచినవి. తెలుగువాడు, ఒరియావాడు, వంగీయుడు, బీహారువాడు ఒకే గేటు వెలుపల నిలువవలెనన్నచో వారిని కలుపునది భాష కాజాలదు, పని మాత్రమే. ఖరగ్‌పూరు నిచ్చిన పాఠమిది.

రెండవది, ఆకలి. డబ్లిన్ ఓడినది ధైర్యము చాలక కాదు, రొట్టె చాలక. కనుక సమ్మెకు ముందును, సమ్మెలోను చర్చల తలుపు మూయకుండుట పిరికితనము కాదని, కార్మికుని కడుపును కనిపెట్టియుండుట అని తెలిసికొనవలెను. గిరిగారు జీవితమంతయు ఇరుపక్షములు ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొను పద్ధతినే పట్టుకొని వ్రేలాడినారని విమర్శించినవారు కలరు. డబ్లిన్ శీతకాలమును గుర్తుంచుకొన్నచో ఆ పట్టుదలకు కారణము తెలియును.

మూడవది, ఆయన తీసికొననిది. డబ్లిన్ లాకౌటునుండి పౌరసేన అను సాయుధ కార్మికదళము పుట్టినది. 1916లో కానలీ దానిని తిరుగుబాటునకు నడిపినాడు. గిరిగారు కానలీనుండి సంఘమును గ్రహించినారు, తుపాకిని గ్రహింపలేదు. ఆ స్థానమున గాంధీగారి మార్గము నిలిచినది. విద్యార్థి విదేశమునుండి ఏమి తెచ్చినాడని అడుగుట మన అలవాటు. ఏమి విడిచి వచ్చినాడని కూడ అడుగవలెను. ఏరి తెచ్చుకొన్నదే విద్య. మూటగట్టి తెచ్చినది సరుకు.

1937 ఎన్నికలలో బొబ్బిలి నియోజకవర్గమున గిరిగారు బొబ్బిలి రాజాను ఓడించి, మద్రాసు రాజధానిలో కార్మిక, పరిశ్రమల మంత్రియైనారు. 1947నుండి 1951 వరకు సింహళమున భారత హైకమిషనరుగా నుండినారు. ఆ కాలముననే, 1948లో, సింహళపు పౌరసత్వ చట్టము తేయాకు తోటలలో తరతరములుగా చెమటోడ్చిన భారతీయ కూలీలలో అత్యధికులను ఏ దేశమునకు చెందనివారిగా చేసినది. ఒక దేశమున పని చేసినంత మాత్రమున అది తన దేశమగునా అన్న ప్రశ్న ఇంతకన్న క్రూరముగా అడుగబడలేదు.

1952లో పాతపట్నమునుండి లోకసభకు ఎన్నికై ఆయన కేంద్ర కార్మికమంత్రియైనారు. తగవును ట్రిబ్యునళ్ళ తీర్పునకు బలవంతముగా అప్పగించుటకంటె, యజమానియు సంఘమును బేరమాడి తేల్చుకొనుట మేలని ఆయన వాదించినారు. దీనికి ‘గిరి మార్గము’ అని పేరు వచ్చినది. 1954 ఆగస్టులో బ్యాంకు ఉద్యోగుల విషయమున న్యాయనిర్ణేతలిచ్చిన తీర్పును ప్రభుత్వము తగ్గింపగా గిరిగారు మంత్రిపదవిని విడిచిపెట్టినారు. తీర్పులకన్న బేరము మేలన్న మనిషి, తీర్పును ప్రభుత్వమే నిలుపుకొననప్పుడు నిలువలేకపోయినాడు. ఇందు వైరుధ్యము లేదు. ఇచ్చిన మాటను బలవంతుడు ఏకపక్షముగా మార్చరాదన్నదే రెండింటికిని మూలము.

ఇంతవరకు మన కథ వెలుగుదారిన నడచినది. ఇక చెప్పవలసినది చెప్పుటకు కష్టమైనది. 1969లో గిరిగారు రాష్ట్రపతియైనారు. ఆయన పదవీకాలపు చివరి వేసవిలో, 1974 మే 8వ తేదీన, దేశవ్యాప్తమైన రైల్వే సమ్మె ఆరంభమైనది. నడిపినవారిలో ముఖ్యుడు జార్జి ఫెర్నాండెజ్. ఆయన అధ్యక్షత వహించుచున్నది గిరిగారు పురుడు పోసిన అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్యకే. ప్రభుత్వము భారత రక్షణ నిబంధనలను, ఆంతరంగిక భద్రతా చట్టమును ప్రయోగించి వేలకొలది కార్మికులను నిర్బంధించినది. పనికి పోనివారి కుటుంబములను రైల్వే ఇండ్లనుండి వెళ్ళగొట్టిన సంఘటనలు జరిగినవి. మే 27వ తేదీన సమ్మె విరమింపబడినది. ఆగస్టులో గిరిగారి పదవీకాలము ముగిసినది. 1975లో భారతరత్నము వచ్చినది. 1980 జూన్ 24వ తేదీన ఆయన మద్రాసున తనువు చాలించినారు.

రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు బద్ధుడు. ఈ మాట నిజమే. దానినిబట్టి ఆయనను తప్పుపట్టుట సులభము కాదు. కాని చరిత్రకు సులభమైనది చెప్పుటతో పని తీరదు. రైల్వే కార్మికులను ఏకము చేసిన వ్యక్తి దేశమున అత్యున్నతపీఠముపై నుండగా, ఆయన పెంచిన సమాఖ్య నడిపిన సమ్మె, ఆయన పేరిట నడుచు ప్రభుత్వముచేతనే అణచివేయబడినది. 1913లో గేటు వెలుపల నిలిచినవారిని ఒక విద్యార్థి చూచినాడు. 1927లో ఒక న్యాయవాది వారితోబాటు గేటు వెలుపల నిలిచినాడు. 1974లో ఆ మనిషి గేటు లోపల నున్నాడు. ఒక దేశమునకు విద్యార్థిగా వెళ్ళవచ్చును, పనివాడుగా మరలవచ్చును. అయినను ఆ నివాసము శాశ్వతము కాదు. పదవి అను ఓడ ఎక్కినవానికి తాను పని చేసిన దేశము మరల పరదేశమగును. గిరిగారి గొప్పతనమును తగ్గించుటకు నేనీ మాట చెప్పుట లేదు. ఆయన అంతటివానికే అట్లయినదనుటకు చెప్పుచున్నాను.

ఖరగ్‌పూరు నిలిచియున్నది. 1944లో కంపెనీ రైల్వే ప్రభుత్వపరమైనది. 1955నుండి అది ఆగ్నేయ రైల్వే. ఒకనాడు ప్రపంచములో అతి పొడవైనదని పేరొందిన ఆ స్టేషను ప్లాట్‌ఫారము ఆ కీర్తిని 2013లో గోరఖ్‌పూరునకు అప్పగించినది. ఊరి అంచున, 1931లో ఇద్దరు రాజకీయ ఖైదీలు తుపాకిగుండ్లకు బలియైన హిజ్లీ నిర్బంధ శిబిరమున, 1951లో దేశపు మొదటి సాంకేతిక విజ్ఞాన సంస్థ వెలసినది. ఏటేట అచ్చటికి తెలుగు విద్యార్థులు వచ్చి, నాలుగైదేండ్లు చదివి, లోకము నాలుగుమూలలకు పోవుచున్నారు. వారిలో పెక్కుమందికి ఖరగ్‌పూరన్న ఆ విద్యాప్రాంగణమే. దానికి కొద్ది మైళ్ళ దూరమున, ఖరిదా గల్లీలలో, మూడు నాలుగు తరములుగా తమ భాష మాటలాడుచున్నవారు కలరు. విద్యార్థుల ఖరగ్‌పూరు, నివాసుల ఖరగ్‌పూరు ఒకదానినొకటి ఎరుగవు.

ఆద్రా వైపు పోవు మార్గమున ఖరగ్‌పూరు దాటగనే వచ్చు స్టేషను పేరు గిరి మైదాన్. ఆ పేరు విన్న తెలుగువానికి ఒక్కక్షణము గిరిగారు తలపునకు రాక మానరు. 2020 డిసెంబరులో పశ్చిమ వంగ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నీయ నిశ్చయించినది. ఈ నిర్ణయమునకు వెనుకనున్నది ఖరగ్‌పూరు తెలుగువారి సంఖ్యాబలము, చిరకాల నివాసము. కాని అధికారపత్రమున చేరినంతలో భాష బ్రతుకదు. పిల్లవాడు బడిలో దానిని చదువవలెను. ఇంటిలో పెద్దలు కథ చెప్పవలెను. ఆ కథ ఎవరో ఒకరు వ్రాయవలెను.

మన రచయితలు ఉద్యోగములవల్ల, సభలవల్ల, చదువులవల్ల దేశపు పలు మూలలకు పోవుచున్నారు. అతిథులుగా పోయి, అతిథులుగా వచ్చి, యాత్రాచరిత్రలు వ్రాయుచున్నారు. అవి మంచివే. కాని అతిథి కంటికి కట్టడములు కనిపించును. పనివాని కంటికి వాటిని మోయు స్తంభములు కనిపించును. విద్యార్థిగా చూచిన చోటికి మరలి వెళ్ళి, ఈసారి కర్మాగారపు గేటు కడ, పింఛను ఆఫీసు కడ, ఖరిదా సందులోని తెలుగు ఇంటి అరుగుమీద కొంతకాలము కూర్చుండగల రచయిత మనకు కావలెను. గిరిగారికి ఐర్లండు మరల దొరకలేదు. అయినను అచ్చటి పాఠమును ఆయన ఇచ్చట పనిచేసి చూచుకొన్నారు. మనకా చోటు హౌరా మెయిలు ఎక్కినచో ఒక రాత్రి ప్రయాణము.